సఫారీ అంటే మన సఫరే: ఆఫ్రికా అడవిలో కాలినడక ఎలా ఉంటుంది? బాలాపూర్ నుంచి దానికి దగ్గరి దారి ఏది?

సఫారీ అనగానే మన ఇళ్లలో పిల్లలకు గుర్తొచ్చేది జూ పార్కులో జాలీ కిటికీల బండి, దాని బయట నిద్రపోతున్న సింహం. టీవీలో అయితే పైకప్పు లేని జీపు, కెమెరాలు పట్టుకున్న టూరిస్టులు. ఆఫ్రికాలో ఇంకో రకం సఫారీ కూడా ఉంది. అందులో బండి ఉండదు, అద్దాలు ఉండవు. ఏడెనిమిది మంది ఒకరి వెనక ఒకరు, నోరు మెదపకుండా, ఏనుగులు, అడవి దున్నలు తిరిగే చోట కాలినడకన వెళ్తారు. దీన్నే వాకింగ్ సఫారీ అంటారు.

గల్ఫ్‌లో పనిచేసే మన వాళ్లు సెలవుల్లో భార్యాపిల్లలతో కెన్యా, టాంజానియా వెళ్లి రావడం ఇప్పుడు వింత కాదు. దుబాయ్, దోహా నుంచి నైరోబీకి నేరుగా విమానాలున్నాయి. కాబట్టి ఈ నడక ఏమిటి, ఎంతవరకు సురక్షితం, ముందుగా ఏం చూసుకోవాలి అన్నది తెలుసుకోవడం అవసరం. ఆఫ్రికా వెళ్లే స్తోమత లేనివాళ్లకూ ఇందులో పనికొచ్చే సంగతులున్నాయి. ఎందుకంటే పులులున్న అడవి బాలాపూర్‌కు సగం రోజు ప్రయాణం కూడా కాదు.

మాట మనదే

'సఫారీ' స్వాహిలీ మాట. తూర్పు ఆఫ్రికా తీరంలో అరబ్ వ్యాపారులతో కలిసిమెలిసి పెరిగిన భాష అది. అరబీలోని 'సఫర్' అక్కడ 'సఫారీ' అయింది. మనం ఉర్దూలో సఫర్ అన్నా, ముసాఫిర్ అన్నా మూలం అదే. ప్రయాణం అని దాని అర్థం, అంతే. వేట అన్న అర్థం తర్వాత తెల్లదొరల కాలంలో వచ్చి అంటుకుంది. 'బిగ్ ఫైవ్' అనే పేరు కూడా వేటగాళ్లదే. కాలినడకన వేటాడటానికి అన్నిటికన్నా ప్రమాదకరమైన సింహం, చిరుత, ఏనుగు, ఆఫ్రికా దున్న, ఖడ్గమృగం - ఈ అయిదింటినీ కలిపి అలా పిలిచేవారు.

హైదరాబాద్‌కూ ఆఫ్రికాకూ బంధం కొత్తది కాదు. మాసాబ్ ట్యాంక్ పక్కనున్న ఏసీ గార్డ్స్ పేరులోని 'ఏ' అంటే ఆఫ్రికన్. నిజాం కొలువులో పనిచేసిన ఆఫ్రికన్ అశ్వికదళం వల్ల ఆ బస్తీకి ఆ పేరొచ్చింది. ఆ సిద్దీ కుటుంబాల వారసులు ఇప్పటికీ నగరంలో ఉన్నారు.

ఎప్పుడు, ఎక్కడ మొదలైంది?

జాంబియాలో లువాంగ్వా నది లోయ ఉంది. అప్పట్లో ఆ దేశాన్ని ఉత్తర రొడీషియా అనేవారు. అక్కడి వన్యప్రాణి విభాగంలో పనిచేసిన నార్మన్ కార్ అనే అధికారి 1950లో న్సెఫు అనే స్థానిక తెగపెద్దను కలిశాడు. టూరిస్టులు జంతువుల్ని చంపడానికి కాకుండా చూడటానికి వస్తారు, వచ్చిన డబ్బు మీ ప్రజలకు అందుతుంది అని ఒప్పించాడు. అలా ఒక క్యాంపు వెలిసింది. 1960ల మొదట్లో అతనే అక్కడ టూరిస్టులతో నడక సఫారీలు మొదలుపెట్టాడు. ఆ అడవి 1972లో సౌత్ లువాంగ్వా నేషనల్ పార్క్ అయింది. దాని విస్తీర్ణం సుమారు 9,050 చదరపు కిలోమీటర్లు.

దక్షిణాఫ్రికాలో 1959లో ఇయాన్ ప్లేయర్ అనే అటవీ అధికారి, మగ్‌కూబు ఎన్టొంబెలా అనే జూలూ రేంజర్ కలిసి కాలిబాట యాత్రలు ప్రారంభించారు. అక్కడి క్రూగర్ నేషనల్ పార్కులో ఇలాంటి మొదటి బాట 1978లో తెరిచారు. ఇప్పుడు జింబాబ్వే, టాంజానియా, బోట్స్వానాలోనూ ఉన్నాయి.

కెన్యా వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. మసాయ్ మారా రిజర్వు లోపల టూరిస్టుల్ని నడవనివ్వరు. దాని చుట్టూ మసాయ్ ప్రజల భూముల్లో ఉన్న కన్సర్వెన్సీల్లో మాత్రం నడక ఉంటుంది. నైవాషా దగ్గరి హెల్స్ గేట్ పార్కులో నడవొచ్చు, సైకిల్ కూడా తొక్కొచ్చు. 'మారాలో వాకింగ్ సఫారీ' అని ఎవరైనా ప్యాకేజీ అమ్మితే, సరిగ్గా ఎక్కడ నడిపిస్తారో పేరుతో సహా అడగాలి.

నడక ఎలా జరుగుతుంది?

తెల్లవారగానే బయలుదేరుతారు. ఎండ ముదిరేలోపు, అంటే మూడు నాలుగు గంటల్లో తిరిగొస్తారు. దూరం కొద్ది కిలోమీటర్లే. ఇది పరుగు పందెం కాదు, ఆగి ఆగి చూసే నడక.

ముందు గైడు ఉంటాడు. జాంబియాలో గైడుతో పాటు ప్రభుత్వ శాఖకు చెందిన, తుపాకీ ఉన్న స్కౌట్ తప్పనిసరి. క్రూగర్ బాటల్లో ఒక బృందానికి ఎనిమిది మందే, వాళ్లకు ఇద్దరు సాయుధ రేంజర్లు. తుపాకీ చివరి ఉపాయం మాత్రమే. దాన్ని పేల్చాల్సి వచ్చిందంటే అంతకుముందే ఎక్కడో పొరపాటు జరిగిందని మంచి గైడులు భావిస్తారు. అసలు రక్షణ గైడు కళ్లలో, చెవుల్లో, ముక్కులో ఉంటుంది.

గైడు మొదట చూసేది గాలి ఎటు వీస్తోందని. చిటికెడు మట్టి గానీ బూడిద గానీ వదిలి చూస్తాడు. మన వాసన జంతువు వైపు పోకుండా, దాని వాసనే మన వైపు వచ్చేలా దారి మారుస్తాడు. తర్వాత నేల. అడుగుజాడ అంచులు పదునుగా ఉంటే కొత్తది, గాలికి కరిగి ఉంటే పాతది. ఏనుగు పేడ వెచ్చగా ఉందా, ఎండిందా అన్నదాన్ని బట్టి అది ఎంతసేపటి క్రితం వెళ్లిందో చెబుతాడు. దున్నల వీపు మీద పురుగులు ఏరుకునే ఆక్స్‌పెకర్ పిట్టలు పొద మీదుగా గోలగా ఎగిరితే, ఆ పొదలో దున్న ఉండొచ్చని ఆగిపోతాడు.

జీపులో వెళ్లినవాళ్లు జంతువుల్ని ఎక్కువగా, దగ్గరగా చూస్తారు. నడిచినవాళ్లు తక్కువ చూస్తారు. చెద పుట్టలు, గింజలు, గోరింత పురుగులు, ఈకలు, ఎముకలు - ఇవే ఎక్కువ. సింహాన్ని చూడాలన్న ఒక్క కోరికతో వెళ్లేవాళ్లు నడకకు డబ్బు పెట్టకపోవడమే మంచిది. వాళ్లకు జీపే సరి.

నియమాలు నాలుగే, కానీ ప్రాణం వాటి మీదే

ఒకటి, వరుస తప్పకూడదు. విడివిడిగా ఉన్న మనుషులు జంతువును కంగారు పెడతారు.

రెండు, మాట్లాడకూడదు. ఏదైనా కనిపిస్తే నాలుక చప్పుడు చేసో, చిటిక వేసో గైడుకు తెలపాలి. ఏ సైగ వాడాలో బయలుదేరే ముందే చెబుతారు.

మూడు, ఏం జరిగినా గైడు చెప్పకుండా పరుగెత్తకూడదు. పరుగెత్తేదాన్ని తరమడం వేటాడే జంతువు నైజం. సింహం ఎదురైతే నిలబడి, దానివైపే చూస్తూ, మెల్లగా వెనక్కి తగ్గమంటారు. దున్న అయితే చెట్టు చాటుకు పోవాల్సి రావొచ్చు. ఏ జంతువుకు ఏది సరైనదో ఆ క్షణంలో నిర్ణయించేది గైడు ఒక్కడే.

నాలుగు, జంతువుకూ అది పారిపోయే దారికీ మధ్య నిలబడకూడదు. నీటి గుర్రం పగలు నీళ్లలో ఉంటుంది, రాత్రి గడ్డి మేయడానికి ఒడ్డెక్కుతుంది. దానికీ నీటికీ మధ్య మనిషి ఉన్నాడంటే అది మీదికే వస్తుంది. తల్లికీ పిల్లకూ మధ్య వెళ్లడం ఏ జంతువు విషయంలోనైనా అంతే ప్రమాదం.

ఈ కారణాల వల్లే చిన్నపిల్లల్ని తీసుకోరు. చాలాచోట్ల 12 ఏళ్లు నిండాలంటారు. వయసు నియమం లేదని ఎవరైనా అంటే సంతోషించకండి, అనుమానించండి.

మన కుటుంబాలు ప్రత్యేకంగా చూసుకోవాల్సినవి

బట్టల రంగు: ఖాకీ, గోధుమ, ముదురు ఆకుపచ్చ మంచివి. తెలుపు దూరానికే కనిపిస్తుంది. నలుపు, ముదురు నీలం వేరే కారణానికి వద్దు. లువాంగ్వా లోయ లాంటి చోట్ల ఉండే సెట్సీ ఈగలకు ఈ రెండు రంగులంటే ఆకర్షణ. వాటిని పట్టే ఉచ్చులను కూడా నీలం, నలుపు గుడ్డలతోనే కుడతారు. ఈ ఈగ కాటు నొప్పి పుట్టిస్తుంది, కొన్ని ప్రాంతాల్లో నిద్ర జబ్బును కూడా మోస్తుంది. కాబట్టి నల్ల బురఖా వేసుకునే ఆడవాళ్లు అక్కడికి మట్టి రంగు అబాయా, అదే రంగు హిజాబ్ కుట్టించుకుంటే మేలు. ఒళ్లంతా కప్పే వదులు బట్టలు ఎండకూ, పురుగులకూ నిజానికి మంచి రక్షణ. కానీ అంచు నేలకు తగిలితే ముళ్లకు చిక్కుకుంటుంది. చీలమండ పైకి ఉండేలా చూసుకుని, లోపల ప్యాంటు, కాళ్లకు బూట్లు వేసుకోవాలి.

అత్తర్: ఇంట్లోనే వదిలేయండి. గాలివాటం చూసి నడిపించే గైడు కష్టం అంతా ఒక్క చుక్క అత్తర్‌తో వృథా అవుతుంది.

ఫోన్: అజాన్ అలారంతో సహా అన్ని శబ్దాలూ ఆపేయాలి.

నమాజ్: చాలా క్యాంపులకు కంచె ఉండదు. రాత్రి ఏనుగులు, నీటి గుర్రాలు గుడారాల మధ్య నుంచే వెళ్తాయి. చీకట్లో అక్కడి కాపలాదారు తోడు లేకుండా బయట అడుగు పెట్టడం నిషేధం. ఫజర్ వుజూ కోసం నీళ్లు ముందురోజే గుడారంలో పెట్టించుకోండి. నడక మధ్యలో ఆగాలంటే గైడుకు ముందే చెబితే చుట్టూ కనిపించే ఖాళీ జాగా చూసి ఆపుతాడు. ఇక్కడ మన ఖిబ్లా పడమర. కెన్యా, జాంబియా, దక్షిణాఫ్రికాల నుంచి అది దాదాపు ఉత్తరం వైపు. అలవాటు కొద్దీ పడమరకు తిరగకండి. ఖస్ర్ లాంటి మసలాలు బయలుదేరే ముందే మీ మసీదు ఇమామ్ గారిని అడిగి తెలుసుకోవడం సులువు.

తిండి: కొన్ని క్యాంపుల్లో అడవి జంతువుల మాంసం కూడా వడ్డిస్తారు. టాంజానియా, కెన్యా తీర ప్రాంతాల్లో, దక్షిణాఫ్రికా నగరాల్లో హలాల్ దొరకడం కష్టం కాదు. అడవి లోపల క్యాంపులో మాత్రం బుకింగ్ రోజే రాతపూర్వకంగా చెప్పాలి. కుదరదంటే శాకాహారం అడగండి.

టీకా, కాగితాలు, లెక్కలు

హజ్‌కు వెళ్లేవాళ్లకు మెనింజైటిస్ టీకా ఎలాగో, కెన్యా, ఉగాండా లాంటి దేశాలకు పచ్చ జ్వరం టీకా అలాగ. దీన్నే ఎల్లో ఫీవర్ వ్యాక్సిన్ అంటారు. ఆ దేశాల నుంచి తిరిగొచ్చేటప్పుడు సర్టిఫికెట్ లేకపోతే మన దేశంలో ఆరు రోజుల వరకు విడిగా ఉంచే అధికారం ప్రభుత్వానికి ఉంది. టీకా వేయించుకున్న పదో రోజు నుంచే సర్టిఫికెట్ చెల్లుతుంది. 2016 నుంచి ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం పనికొస్తుంది. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఈ టీకా వేస్తారు. చంటిపిల్లలు, గర్భిణులు, వయసు మళ్లినవాళ్లు, గుడ్డు పడనివాళ్లు డాక్టర్ని అడగకుండా వేయించుకోకూడదు. మలేరియా మాత్రల గురించి కూడా అప్పుడే అడగండి. లువాంగ్వా, క్రూగర్ రెండూ మలేరియా ప్రాంతాలే.

కెన్యాకు 2024 జనవరి నుంచి వీసా బదులు ఆన్‌లైన్ అనుమతి తీసుకోవాలి. దక్షిణాఫ్రికాకు భారతీయులు ముందుగా వీసా తీసుకోవాల్సిందే.

ఇక డబ్బు. ప్యాకేజీ ధర వినగానే మొత్తం అదే అనుకోవద్దు. పార్కు ప్రవేశ రుసుం, స్కౌట్ రుసుం, క్యాంపు వరకు చిన్న విమానం, టిప్పులు - ఇవి లోపలా బయటా అని విడివిడిగా రాయించుకోవాలి. చాలా రేట్లు డాలర్లలో, మనిషికి రాత్రికి ఇంత అని ఉంటాయి. నలుగురి కుటుంబం నాలుగు రాత్రులంటే అంకెను పదహారుతో గుణించి చూడాలి.

ఇక్కడి ఏజెంటు దగ్గర విదేశీ టూర్ ప్యాకేజీ కొంటే టీసీఎస్ కూడా వసూలు చేస్తారు. రేటు బడ్జెట్‌లను బట్టి మారుతుంటుంది. చాలామంది దీన్ని పోయిన డబ్బు అనుకుని వదిలేస్తారు. అది పోయిన డబ్బు కాదు. మీ పాన్ మీద జమ అవుతుంది. రిటర్న్ దాఖలు చేసినప్పుడు కట్టాల్సిన పన్నులో తగ్గుతుంది, పన్ను లేకపోతే రీఫండ్ వస్తుంది. రసీదు పైన పాన్ నంబర్ సరిగా ఉందో లేదో అక్కడికక్కడే చూసుకోండి.

ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ఒకటే ప్రశ్న: అడవి జంతువుల మధ్య కాలినడక, అక్కడి నుంచి విమానంలో ఆసుపత్రికి చేర్చడం - ఈ రెండూ పాలసీలో ఉన్నాయా? నోటిమాట చెల్లదు, కాగితంలో చూపించమనండి.

ఆఫ్రికా దాకా పోకుండానే

బాలాపూర్ నుంచి మీర్‌పేట, కర్మన్‌ఘాట్ మీదుగా ఎల్బీ నగర్ దాటి విజయవాడ హైవే ఎక్కితే వనస్థలిపురంలో మహావీర్ హరిణ వనస్థలి వస్తుంది. ఒకప్పుడు నిజాం వేటకు ఉంచుకున్న అడవి ఇది. 1975లో, మహావీరుడి నిర్యాణానికి 2,500 ఏళ్లు నిండిన సందర్భంగా, ఆయన పేరుతో జింకల వనం చేశారు. తర్వాత నేషనల్ పార్క్ అయింది. 3,600 ఎకరాల పైచిలుకు. కృష్ణ జింకలు, దుప్పులు, నెమళ్లు, ముళ్ల పందులు ఉన్నాయి. ఇక్కడ పులి లేదు. అందుకే పిల్లలకు అడుగుజాడ చదవడం, నోరు మూసుకుని నిలబడి చూడటం నేర్పడానికి ఇంతకన్నా మంచి చోటు ఈ చుట్టుపక్కల లేదు.

రెండో దారి శ్రీశైలం హైవే. పహాడీ షరీఫ్ మీదుగా తుక్కుగూడ, కడ్తాల్, ఆమనగల్, డిండి దాటితే మన్ననూర్. అక్కడి నుంచి నల్లమల. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ విస్తీర్ణం సుమారు 2,611 చదరపు కిలోమీటర్లు. పులి, చిరుత, ఎలుగుబంటి, రేసు కుక్కలు, కణితి, మనుబోతు ఉన్నాయి. నెహ్రూ జూ పార్కులో పెంచిన మూషిక జింకల్ని 2017లో ఈ అడవిలోనే వదిలారు. సఫారీ బండ్లు బయలుదేరే ఫరహాబాద్ పేరు చూడండి. ఫరహ్ అంటే ఆనందం. నిజాం కాలంలో షికార్‌గా ఉన్న కొండ అది.

ఇక్కడ పులుల ప్రాంతంలో సఫారీ బండిలోనే. అయితే మన్ననూర్ వైపు అటవీ శాఖ బస, సఫారీతో పాటు తమ మనిషిని తోడిచ్చి ట్రెక్కింగ్‌కూ తీసుకెళ్తుంది. సఫారీ గైడుల్లో చాలామంది చెంచులు. తేనె కోసం నిలువు కొండల మీద తాడు కట్టుకుని వేలాడే వాళ్లు. ఆ తాడు బావమరిది చేతిలోనే ఉండాలని వాళ్ల ఆనవాయితీ. అక్కను విధవను చేసుకోడు కదా అన్నది అందులోని నమ్మకం. పుట్టినప్పటి నుంచి ఆ అడవిని చదివినవాళ్లకు జీతం ఇచ్చి, ఆ చదువును మనకు చెప్పించడం - లువాంగ్వాలో 1950లో జరిగిన ఒప్పందంలోని మంచి కూడా ఇదే. టికెట్ డబ్బులో ఒక భాగం అడవిలో ఉండేవాళ్ల పొయ్యి వెలిగించినప్పుడే వాళ్లకు ఆ పులి బతకడం లాభం.

దేశంలో వేరేచోట్ల కూడా నిజమైన అడవి నడకలున్నాయి. మధ్యప్రదేశ్‌లోని సాత్పురాలో కాలినడక సఫారీ ఉంది. కేరళలోని పెరియార్‌లో అయితే ఒకప్పుడు దొంగతనంగా చెట్ల బెరడు వలిచినవాళ్లే 1990ల చివర నుంచి టూరిస్టులకు గైడులయ్యారు.

మన అడవిలో నడిచేటప్పుడు పులి కన్నా ఎలుగుబంటితో జాగ్రత్త. దానికి చూపు అంతంతమాత్రం. మనిషి దగ్గరికి వచ్చేదాకా తెలుసుకోదు, తెలిశాక భయంతో మీద పడుతుంది. అనుమతి లేకుండా అభయారణ్యంలోకి దిగడం 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేరం కూడా.

హైవే పక్కన దస్తర్‌ఖాన్

శుక్రవారం సెలవు పెట్టో, పండుగ మర్నాడో శ్రీశైలం డ్యామ్ చూడ్డానికి వెళ్లే కుటుంబాలు మన వైపు చాలా. దారిలో చెట్టు కింద దస్తర్‌ఖాన్ పరిచి బిర్యానీ గిన్నె తెరుస్తారు. మిగిలింది కోతులకు వేస్తారు. పుణ్యం చేసినట్టే అనిపిస్తుంది. కానీ ఆ రుచి మరిగిన కోతులు అడవిలో పండ్లు వెతుక్కోవడం మానేసి రోడ్డు పక్కనే కాచుకుంటాయి, చివరికి బండ్ల కింద పడి చస్తాయి. వదిలేసిన ప్లాస్టిక్ కవర్‌కు ఉప్పు రుచి ఉంటే జింకలు దాన్నీ నమిలి మింగుతాయి. అటవీ శాఖ జరిమానాలు వేస్తున్నది ఇందుకే. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు ఆ అడవి దారిలో బండ్లు ఆపేస్తున్నది కూడా అందుకే. రాత్రిపూట రోడ్డు దాటే జంతువులకు హెడ్‌లైట్ వెలుగులో కళ్లు బైర్లు కమ్ముతాయి.

కాబట్టి వెళ్లేవాళ్లకు సూటిగా నాలుగు మాటలు. భోజనం అడవి మొదలవ్వక ముందే డిండి వైపు ముగించండి. చెత్త సంచీ ఇంటి నుంచే తీసుకెళ్లి తిరిగి ఇంటికే తీసుకురండి. సఫారీ కావాలంటే ముందే బుక్ చేసుకోండి, జూలై నుంచి సెప్టెంబర్ దాకా వానలకు మూసి ఉంటుంది. గైడు చెంచు అయితే పిల్లల్ని అతని పక్కన కూర్చోబెట్టి ప్రశ్నలు అడగనివ్వండి. పులి కనబడకపోయినా, అది నిన్న రాత్రి ఎటు పోయిందో అతను నేల మీద చూపించగలడు.